జెరూష కంప్యూటర్లో ఇన్సర్ట్ కీ

కృష్ణానగర్‌లో జెరూష టైపింగ్ సెంటర్ పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు. సినిమా స్క్రిప్టులూ, తెర మీద వేసే పేర్ల లిస్టులూ అక్కడే టైపవుతాయి. ఆ కంప్యూటర్లో పేరు పక్కకి జరిగితే, ఆ పేరుగల మనిషి ఎక్కడున్నా అంతే జరుగుతాడు. ఎదురుగా హోటల్ నడిపే ఓదెలు అందుకే బెంచీలకి కుడివైపు చివర ఒక చెక్క కొట్టించాడు.

"జర పైలం, లిస్టుల ఎవరో కొత్తోడు చేరిండు!" అని అరుస్తాడు. డాన్సరు నిహారిక ఇడ్లీ ప్లేటుతో సహా జానెడు జరుగుతుంది. చట్నీ కూడా ఒలకదు. అలవాటు మరి.

జరగనిది వరప్రసాద్ ఒక్కడే. పదేళ్ళుగా పెద్ద పెద్ద రచయితలకి సీన్లు రాసిపెడుతున్నాడు, ఏ లిస్టులోనూ పేరు లేదు. అందరూ జరుగుతుంటే తను మాత్రం స్థిరంగా దోసె తినేవాడు. స్థిరత్వం మంచి గుణమే, ఆయనకే నచ్చేది కాదు.

చరణ్ తేజ జరగడం మరీ నచ్చేది కాదు. నిన్న మొన్న వచ్చిన కుర్రాడు. రాఘవేంద్ర తీస్తున్న కొత్త సినిమాకి 'మాటలు: చరణ్ తేజ' అని ఖాయమైపోయింది. అందులో నాలుగు సీన్లు వరప్రసాద్ రాసిచ్చినవే. ఆ కుర్రాడి చొక్కా, నవ్వు, ఎర్రగడ్డ నుంచి వాళ్ళమ్మ ప్రేమకుమారి రోజూ మోసుకొచ్చే క్యారియరు, అన్నీ కలిసి ఒక్క మెతుకు తినకుండానే వరప్రసాద్‌కి అజీర్ణం చేసేవి.

"నీ పేరు కూడా కొట్టనా అన్నా?" అంది జెరూష ఓ రోజు. "కంప్యూటరు ఇన్సర్ట్‌లోనే ఉంది. కొత్త అక్షరం పడితే పాతవి జరిగి చోటిస్తాయి. ఇద్దరూ పడతారు."

"ఇద్దరెందుకు? వాడి చోట్లోనే నేను పడాలంటే?"

"ఆ ఇన్సర్ట్ కీ ఒకసారి నొక్కితే ఓవర్‌టైప్ అయిపోద్ది. కొట్టే ప్రతి అక్షరం అక్కడున్నదాన్ని తినేస్తది. అందుకే కీ మీద ప్లాస్టరు అంటించా. ముట్టుకోకు."

ఇంత వివరంగా చెప్పి, కాగితాలు కొనడానికి పక్క వీధికి వెళ్ళింది. కుళ్ళుకునేవాడికి ఉపాయం చెప్పి, గదిలో ఒక్కణ్ణే వదిలివెళ్ళేంత మంచి మనసు ఆ పిల్లది.

వరప్రసాద్ ప్లాస్టరు పీకాడు. కీ నొక్కి, చరణ్ తేజ పేరు మీద తన పేరు కొట్టాడు. చివరి అక్షరం పడేసరికి జూబ్లీహిల్స్ ఆఫీసులో, రాఘవేంద్ర పక్క కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో స్క్రిప్టు.

"ఆఁ, చెప్పవయ్యా, తర్వాత?" అన్నాడు రాఘవేంద్ర. కుర్రాడేడని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం ప్రేమకుమారి క్యారియరు తెచ్చి వరప్రసాద్ ముందు విప్పింది. "తిను నాన్నా." గోంగూర రొయ్యలు. లొట్టలేసుకుంటూ తిన్నాడు.

మూడో రోజు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆవిడ గరిటె ఆపేసింది.

"నీకు రొయ్యలు పడవు కదరా?"

"నాకా? భేషుగ్గా పడతాయమ్మా."

"ఏమో నాన్నా. నీకు పెడుతుంటే ఎవరికో పెడుతున్నట్టుంది." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఏడుపెందుకొస్తుందో తెలీట్లేదు."

ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. ఈ ఏడుపు కూడా వాడికోసమే. ఊళ్ళో తనకోసం ఇలా కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఎవరూ లేరు. లేని మనిషి మీద కుళ్ళుకోవడం కృష్ణానగర్ చరిత్రలోనే మొదటిసారి.

చెయ్యి కడుక్కుని సరాసరి జెరూష దగ్గరికి వెళ్ళాడు. ఆ కీ మళ్ళీ నొక్కి, కర్సర్ని తన పేరు ముందు పెట్టి, చరణ్ తేజ అని కొట్టాడు. ఒక్కో అక్షరానికీ ఆయన పేరు జరిగింది. కుర్చీ కూడా జరిగింది. చివరి అక్షరాలకి చెయ్యి బారెడు చాపాల్సి వచ్చింది. కుర్చీ మెట్టు దిగి రోడ్డు మీద ఆగింది.

అదే నిమిషంలో జూబ్లీహిల్స్‌లో చరణ్ తేజ ఏసీ తగ్గించమన్నాడట. ప్రేమకుమారి కొడుక్కి ఫోన్ చేసి, మూడు రోజులుగా అన్నం తిన్నావా లేదా అని దులిపేసింది.

"అన్నా!" లోపల్నించి జెరూష కేకేసింది. "లైను చాలక నీ పేరు కిందికి దిగింది. 'మాటల సహకారం' పక్కన ఖాళీగా ఉంటే అక్కడ పడింది. తీసెయ్యనా?"

ఆటోలు హారన్లు కొడుతున్నాయి. నడిరోడ్డు మీద వరప్రసాద్ కుర్చీని సెంటర్ వైపు తిప్పుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు. "అయితే అమ్మాయ్, పైపేరు కంటే చిన్న అక్షరాలెందుకున్నాయి?"