నా మీద రాసింది అక్షరాలా నిజం

నేను ఒక రేకు పలకను. అంతకుముందు నూనె డబ్బాను. కడుపులో నూనె ఉన్నంతకాలం వంటింట్లో నాకు మహా గౌరవం ఉండేది. ఖాళీ అయిన మర్నాడే పాత సామాన్ల బండి ఎక్కించారు. బండివాడు నన్ను నిలువునా కోసి, సుత్తితో సాపుచేసి, బోర్డులు రాసే ఆదినారాయణకు ఇచ్చాడు. ఆయన నాకు ఆకుపచ్చ రంగు వేసి ఆరబెట్టి, తెల్లరంగులో కుంచె ముంచి, "ఏం రాయమంటారండీ?" అని అడిగాడు.

అడిగింది కర్రి సత్యవేణిని. ఆమె ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరరు. కాలువ గట్టు పార్కులో చెట్లకు పేర్లు రాయించాలని ఆమెకు ఎన్నాళ్ళుగానో ముచ్చట. వెంట వచ్చిన పెద్దమనిషి ఆమె అక్క భర్త, నల్లమిల్లి రాఘవరెడ్డి. బ్యాంకులో రిటైరై, పార్కులో పొద్దున నడిచేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన సరే అంటే తప్ప ఆ పార్కులో గడ్డిపరక కదలదు.

"తెల్లమద్ది అని పెద్దక్షరాలతో రాయండి. కింద శాస్త్రీయ నామం. అంతే," అంది సత్యవేణి.

"అంతేనా? ఉపయోగం రాయించవా?" అన్నాడు రాఘవరెడ్డి. "దాని పేరుతో మనకేం పనమ్మా? మనకేం లాభమో అది చెప్పాలి గానీ. బెరడు గుండెకు బలం అని రాసెయ్యవయ్యా."

"వద్దు బావగారూ. ఆ ముక్క రాస్తే చెట్టును బతకనివ్వరు."

"నువ్వు మరీనూ! మన ఊళ్ళో బోర్డులు చదివేవాళ్ళెవరు?"

ఎవరూ చదవరని నమ్మిన మనిషే ఆ ముక్క రాయించి తీరాడు. ఆదినారాయణ దాన్ని అన్నిటికన్నా లావుగా, ఎర్ర రంగులో రాశాడు. పైన పేరు, కింద ప్రయోజనం, మధ్యలో శాస్త్రీయ నామం పెళ్ళిలో దూరపు చుట్టంలా ఇరుక్కుంది.

మేకు కొడితే చెట్టుకు నొప్పని సత్యవేణి నన్ను తీగతో కట్టింది. కాలువ ఒడ్డున తెల్లటి నున్నని మానున్న పెద్ద చెట్టది. కొన్నాళ్ళు కాకులు తప్ప నన్నెవరూ పట్టించుకోలేదు. ఆ వేసవిలో ఆమెను వేరే ఊరి కాలేజీకి ఏడాదిపాటు పంపారు. ఆమె వెళ్ళాక గాలివాన వచ్చి నా తీగ తెంపింది. బురదలో పడి ఉన్న నన్ను రాఘవరెడ్డే చూశాడు. జేబురుమాలుతో తుడిచి, చుట్టూ చూసి, దగ్గర్లో తెల్లగా కనిపించిన మొదటి మానుకు ఆనించి, రాయితో మేకు దిగ్గొట్టాడు. తలెత్తి ఆకు చూడలేదు. అక్షరాలున్న నేనుండగా ఆకుతో పనేముంది?

అది తెల్లమద్ది కాదు, చెన్నంగి. ఆ సంగతి ఆ చెట్టుకూ నాకూ తెలుసు. దానికి నోరు లేదు. నాకు నోరున్నా అందులో వేరొకరి మాటలే ఉన్నాయి.

ఇక మొదలైంది. వడ్ల మిల్లు వీర్రాజు చాకు తెచ్చి అరచేయంత బెరడు తీశాడు. వారం తిరక్కుండా, "ఆయ్, గుండె దూదిపింజలా ఉందండీ!" అన్నాడు. మర్నాడు పార్కులో ఎవరి సంచిలో చూసినా చాకే. రాఘవరెడ్డి అయితే కషాయం ఎన్ని గ్లాసుల నీళ్ళతో కాచాలో బెంచీ ఎక్కి మరీ చెప్పేవాడు. అందరికీ ఆయాసం తగ్గింది. తగ్గదా మరి! ఇన్నాళ్ళూ బెంచీల మీద కబుర్లతో సరిపెట్టినవాళ్ళు బెరడు కోసం రోజూ తెల్లవారకముందే లేచి, కాలువ గట్టు పొడవునా నడిచి వస్తున్నారాయె. ఆ పుణ్యమంతా నా ఖాతాలో పడింది. మనిషి తన కాళ్ళను నమ్మడు గానీ రేకును నమ్ముతాడు. అసలు తెల్లమద్ది పక్కనే నిక్షేపంగా నిలబడి ఉంది. పేరు పోగొట్టుకోబట్టి ఒళ్ళు దక్కించుకుంది.

ఏడాది తిరిగి సత్యవేణి వచ్చేసరికి వాళ్ళక్క కళ్ళనీళ్ళు పెట్టుకుందట. "మీ బావ గుండె మాత్రలు మానేశారే. చెట్టుండగా అవెందుకంటారు. నువ్వు చెబితేనైనా వింటారేమో చూడు."

మర్నాడు పొద్దున్నే ఆమె పార్కుకు వచ్చింది. వచ్చినవాళ్ళందరూ నన్ను చూసేవారు. ఆమె ఒక్కతే నన్ను దాటి పైకి చూసింది. వంగి ఒక ఆకు ఏరి వెనక్కి తిప్పింది. తొడిమ దగ్గర వేలితో తడిమింది. రాలిన కాయ నొక్కి చూసింది. తర్వాత నాకింద మాను చుట్టూ చెయ్యి వేసి నడిచింది. అరచేయి వెడల్పున తప్ప బెరడు ఎక్కడా తగల్లేదు. ఆమె అక్కడే నేలమీద కూలబడింది.

"ఏమ్మా, ఎప్పుడొచ్చావ్?" అంటూ రాఘవరెడ్డి వచ్చాడు. వెనకాలే వీర్రాజు.

"బావగారూ, ఇది తెల్లమద్ది కాదండీ. చెన్నంగి."

ఆయన నవ్వి నావైపు వేలు చూపించాడు. "బోర్డుందిగా! నువ్వు రాయించిందే!"

"నేను రాయించింది వేరే చెట్టుకి. తెల్లమద్ది ఆకు తిప్పితే, తొడిమ కలిసేచోట రెండు చిన్న పులిపిర్లుంటాయి. దీనికి చూడండి, లేవు. దాని కాయకి అయిదు రెక్కలుంటాయి. ఇదేమో ఉత్త బుడిపె."

"మరి నాకు తగ్గిందెలాగ?"

"నడిచారు కాబట్టి. మీరు మళ్ళీ మాత్రలు వేసుకోండి బావగారూ, మీకు దణ్ణం పెడతాను. ఈ చెట్టునీ వదిలెయ్యండి. బెరడంటే దీనికి చొక్కా కాదు, ఆకు వండిన అన్నం వేళ్ళకి దిగేది దీంట్లోంచే. చుట్టూ ఒలిచేస్తే నిలబడిన చోటే ఆకలికి చచ్చిపోతుంది."

నలుగురూ చేరారు. అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. "పులిపిర్లు చూసి వైద్యం చేస్తారటమ్మా ఎవరైనా?" అని, అందరూ చూస్తుండగా మిగిలిన ఆ అరచేయంత బెరడులోనే ఇంకో ముక్క తీసుకుని వెళ్ళిపోయాడు.

సత్యవేణి ఇంటికెళ్ళలేదు. పేడా మట్టీ కలిపి తెచ్చి, ఒలిచినచోటల్లా మెత్తింది, పాత చీర చుట్టింది. రోజూ వచ్చి తడిపింది. బావగారు ఆమె ఉన్నవైపు రావడం మానేశాడు. ఒకరోజు మాత్రం వచ్చాడు, వాదించడానికి కాబోలు, నోరు తెరిచాడు. మాట రాలేదు. ఒళ్ళంతా చెమటలు. గుండె పట్టుకుని చెట్టుకు ఆనుకుని జారిపోయాడు. సత్యవేణి కేకతో వీర్రాజు ఆటో తెచ్చాడు. ఆమె ఆయన తల ఒడిలో పెట్టుకుని, "బావగారూ, కళ్ళు తెరవండి, నావైపు చూడండి," అంటూ వెళ్ళింది. ఆ బేలతనం ఆమె గొంతులో నేను మళ్ళీ వినలేదు.

మనిషి దక్కాడు. ఆస్పత్రి నుంచి వస్తూనే ఆమె చేసిన మొదటి పని, నా మేకు ఊడబీకడం. ఇంటికి తీసుకెళ్ళి వరండాలో గోడకు ఆనించింది. మర్నాటికే వీర్రాజు గుమ్మంలో ఉన్నాడు.

"జరిగిందేదో జరిగింది లెండి లెక్చరరు గారూ. ఇంతకీ అసలు తెల్లమద్ది ఏదండీ?"

ఆయన చేతిసంచిలోంచి చాకు పిడి బయటికి కనిపిస్తోంది. ఆమె దానివైపు చూసి, "మరిచిపోయానండీ," అంది. చెట్ల పేర్లు ఊరందరికీ తెలియాలని తపించిన మనిషి! ఆ అబద్ధమాడుతున్నప్పుడు ఆమె మొహంలో సిగ్గూ ఉంది, మొండితనమూ ఉంది.

కొన్ని వారాలకు రాఘవరెడ్డి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. వరండాలో కూర్చున్నాడు. ఆయాసం తీరాక చొక్కా జేబులోంచి ఒక ఆకు తీసి, బోర్లా తిప్పి ఆమె ముందు పెట్టాడు. తొడిమ దగ్గర రెండు చిన్న పులిపిర్లు.

సత్యవేణి గబుక్కున ఆ ఆకును అరచేత్తో కప్పింది. "ఎవరికైనా చెప్పారా?"

"నాకు గుండె చెడింది గానీ బుర్ర చెడలేదమ్మాయ్," అన్నాడాయన. ఆపైన నేలవైపు చూస్తూ అడిగాడు. "ఆ చెన్నంగి... బతుకుతుందంటావా?"

"పైన ఎండిపోయింది. మొదలు దగ్గర చిగుళ్ళు వేస్తోంది."

"నీళ్ళు నేను పోస్తాలే. డాక్టరు ఎలాగూ నడవమన్నాడు."

నన్నిప్పుడు సత్యవేణి తన కాలేజీకి చేర్చింది. ఏటా మొదటి క్లాసులో నన్ను బల్లమీద నిలబెట్టి, "ఇదేమిటమ్మా?" అని అడుగుతుంది. పిల్లలంతా ఒక్క గొంతుతో, "తెల్లమద్ది, మేడమ్!" అంటారు.

"కాదు, రేకు," అంటుంది సత్యవేణి. "పుస్తకాలు ఇక్కడే ఉంచి బయటికి రండి."

బిలబిలమంటూ వెళ్ళిపోతారు. ఖాళీ గదిలో కూర్చుని, కిటికీలోంచి వాళ్ళను చూస్తుంటాను. తలలెత్తి, నోళ్ళు తెరిచి, ఒక్కో ఆకూ తిప్పి చూసుకుంటూ ఉంటారు. ఎవరికీ ఇంకా పేరు తెలియదు.