కాశమ్మ కూర్చున్న బండ

చంద్రకాంత్ సార్ వికారాబాద్‌లో పొద్దుటి రైలెక్కి తాండూరు డిగ్రీ కాలేజీకి వచ్చేవాడు. మంగళవారం మంగళవారం ఒక ఇంగ్లీషు జాతీయం చెప్పేవాడు. పిల్లలు దానితో ఒక వాక్యం రాసి చూపించాలి. దసరా సెలవులయ్యాక స్టంబ్లింగ్ బ్లాక్ వంతు వచ్చింది. మనిషి ముందుకు పోకుండా అడ్డం నిలిచేది, అని సార్ అర్థం చెప్పాడు.

ఏటా ఆ పాఠం అయిన మర్నాడు రాళ్లు పడేవి. ఎవరిని అడ్డమని రాశారో వాళ్ల గడప ముందు, ఆ వాక్యమే చెక్కిన రాయి. గైడు చూసి రాసినవాళ్లవి కంకర ముక్కలు, చీపురుతో ఊడిస్తే పోయేవి. క్రికెట్‌కు వాన అడ్డమని ఒకడు రాస్తే ఆ రాయి ఎటు పోవాలో తెలియక మైదానం మధ్యలో పడింది. చుట్టూ నాపరాతి గనులున్న తాండూరులో రాయి కనిపిస్తే ఎవరూ ఆగి చూడరు.

పూజిత గైడు చూడలేదు. ఆమె తల్లి కాశమ్మ బంట్వారం దగ్గరి పల్లెలో గొర్లు కాసేది. తన అన్న శంకరప్ప మంద చూసుకునే రోజుల్లో తాండూరు బస్సెక్కి కూతురికి అన్నం తెచ్చేది. భుజాన నల్ల గొంగడితో గేటు దగ్గర నిలబడి, మందను పిలిచే గొంతుతోనే "పూజితా, బువ్వ" అని కేకేసేది. లోపల నవ్వులు. గొర్రె వాసన వస్తోందని క్లాసులో పక్కన కూర్చునే బిందు ముక్కు మూసుకునేది. పూజిత గిన్నె అందుకుని, తల్లి ముఖం చూడకుండా లోపలికి పోయేది.

ఆ మంగళవారం ఆమె రాసింది: మై మదర్ ఈజ్ ద స్టంబ్లింగ్ బ్లాక్ ఇన్ మై లైఫ్. మా అమ్మే నా బతుకుకు అడ్డం అని. సార్ ఎర్ర పెన్నుతో గుడ్ అని రాసిచ్చాడు.

బుధవారం తెల్లారేసరికి పల్లెలో వాళ్ల గడప ముందు నాలుగడుగుల నీలం బండ పడి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే వరుసలో అక్షరాలు. కాశమ్మ వంగి వాటి మీద చేయి తిప్పింది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"మా అమ్మే నా బలం అని."

"గింత పొడుగు రాసినవా నా గురించి."

ఊళ్లో ఆ బండ చూడనివాళ్లు లేరు. ఇంగ్లీషు వచ్చినవాళ్లూ లేరు. నాలుగు రోజులు పూజిత ఇంటి వెనుక నుంచే తిరిగింది. అయిదో రోజు కాశమ్మ బండను కాలేజీ గేటు ముందు వేయిస్తానని తేల్చింది. "నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయి. కూసున్నట్టుంటది, నీ దోస్తులు సదివినట్టుంటది."

సోమవారం పొద్దున మత్తయ్య ట్రాలీ ఆటో తెచ్చాడు. పాలిషు మిల్లులో బండలెత్తే మనిషి. ఏ బండనైనా ఎత్తే ముందు వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టి వినడం అతని అలవాటు. మంచి బండ మోగుతుంది, పగులున్నది మోగదు. కొట్టాడు. చప్పుడు మట్టిలో పడ్డట్టు పడింది.

"లోపల తేడా ఉందక్కా. దారిల రెండైతదేమో."

"జర పైలంగ తీస్కపో తమ్ముడూ. నా బిడ్డ రాసింది."

పూజిత వాకిట్లోకి వచ్చింది. బండను చూస్తూనే చెప్పింది. "అమ్మా, బలం అని లేదు. నువ్వు నా బతుకుకు అడ్డమని ఉంది."

మత్తయ్య ఆటో టైరు గాలి చూసుకోవడానికి పోయాడు. కాశమ్మ కాసేపు అక్షరాల వైపు చూసింది.

"సార్ ఏమన్నడు?"

"మంచిగ రాసినవన్నడు."

"అంటే ఇంగ్లీషుల తప్పు లేదు."

మత్తయ్య వచ్చి బండను తిరగేసి వేద్దామన్నాడు. తిరగేశారు. అటు వైపూ అవే అక్షరాలు.

"గేటు కాడ ఏపిస్త అని ఊరంత చెప్పిన," అంది కాశమ్మ. "ఇప్పుడు ఏపియ్యకపోతే ఎందుకని అడుగుతరు. ఎత్తున్రి. నేను కూసుంటే రాత కనబడదు."

ఆ రోజు నుంచి గేటు తెరవకముందే ఆమె వచ్చి బండ మధ్యలో గొంగడి పరచి కూర్చునేది. గేటు మూశాక లేచేది. కేకేయడం మానేసింది. గిన్నె పక్కన పెట్టుకుని కదురుతో ఉన్ని వడుక్కునేది. అటు మూడు మాటలు, ఇటు మూడు మాటలు కనిపించేవి. "మధ్యల ఏముంది ఆంటీ, జర జరుగున్రి," అని బిందు అడిగితే, "నడుము పట్టేసింది బిడ్డా," అనేది. పూజిత రోజూ ఆ మాట వింటూనే లోపలికి నడిచేది.

కంది కోతలయ్యాయి. ఏటా ఆ రోజుల్లో మందను కొడంగల్ వైపు తోలుకుపోతారు. ఈ ఏడు తనకు ఇక్కడ పని ఉందని కాశమ్మ అన్నను ఒక్కణ్నే పంపింది. వారానికి శంకరప్ప గేటు దగ్గరకే వచ్చాడు.

"నీ కేక ఇనకపోతే మంద కదుల్తలేదే. రెండు గొర్రెపిల్లలు తప్పిపోయినయి. ఏం పని నీకీడ, బండ మీద కూసునుడా?"

"గంతే," అంది కాశమ్మ.

పూజిత గేటు లోపల గిన్నె కడుగుతూ విన్నది. గిన్నె అక్కడే పెట్టి బయటికి వచ్చింది.

"లే అమ్మా. మామ ఎంబడి పో."

"మరి గిది?"

"నేను రాసింది గద. నేను చూసుకుంట."

కాశమ్మ కూతురి ముఖం చూసింది. గొంగడి దులిపి భుజాన వేసుకుంది. మోకాళ్లు పట్టుకుని లేచి, అన్న వెంట బస్టాండు వైపు నడిచింది. వెనక్కి చూడలేదు.

బిందు, ఇంకో నలుగురు వచ్చారు. "ఆంటీ లేచిందా? జరుగు పూజితా, చూస్తం."

పూజితకు కూర్చోవాలనిపించింది. పక్కకు జరిగింది.

తల్లి కూర్చున్న చోట అక్షరాలు లేవు. మిల్లులో పాలిషు పట్టినట్టు నున్నగా ఉంది. బిందు వంగి చదివింది. "మై మదర్ ఈజ్... ఇన్ మై లైఫ్. మంచిగనే ఉంది కదనే. మధ్యల ఏముండె?"

బలం అని చెబితే సరిపోయేది. చెరిపిన మనిషి బస్టాండు దాకా పోయి ఉంటుంది.

"ద స్టంబ్లింగ్ బ్లాక్ అని ఉండె," అంది పూజిత. "మా అమ్మ నాకు అడ్డమని. నేనే రాసిన. మా అమ్మకు చదువు రాదు గద అని, బలం అని రాసినట్టు ఆమెకు అబద్ధం గూడ చెప్పిన."

ఎవరూ నవ్వలేదు. బిందు గొంగడి పరిచిన చోటును వేలితో తడిమింది. తర్వాత ఒక్కొక్కరే లోపలికి పోయారు.

పూజిత మోకాళ్ల మీద కూర్చుంది. మత్తయ్య కొట్టినట్టు బండను వేలి కణుపులతో కొట్టింది. కంచు గిన్నెలా మోగింది.