మెచ్చుకున్నాడంటే మునిగినట్టే

"బాగుంది. చాలా బాగుంది" అన్నాడు విదేశీ వ్యాపారి, మా నమూనా కుర్చీ మీద చెయ్యి వేసి. పక్కనున్న దుబాసీ అదే ముక్క మన భాషలో చెప్పాడు. మా యజమాని ముఖం చేటంత అయింది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఈ ఆర్డరు రాకపోతే నెలాఖరుకు కార్ఖానా మూత. పద్దెనిమిది మందిమి వీధిన పడతాం. ముప్ఫయ్యేళ్లుగా కుర్చీలకు పాలిష్ పట్టడం తప్ప నాకు మరో పని రాదు.

మా కోడలిదీ ఆయన దేశమే. కాపురానికొచ్చిన కొత్తలో నేనేం వండినా "చాలా బాగుంది" అనేది. నేను పొంగిపోయేదాన్ని. యాభై రెండేళ్ల వయసులో పట్టుబట్టి ఆమె భాష నేర్చుకున్నాను. కోడలితో పోట్లాడాలంటే భాష రావద్దూ! ఒకరోజు ఆమె ఫోనులో వాళ్లమ్మను దులిపేస్తోంది: "నువ్వు పంపిన స్వెటరు కుట్టు వంకర, రంగు దరిద్రం."

"కన్నతల్లిని అంతలేసి మాటలంటావా?" అన్నాను.

"అమ్మ కాబట్టే అన్నానత్తయ్యా. పరాయివాళ్లనైతే మెచ్చుకుని వచ్చేస్తాం."

"మరి నా వంట?"

పాపం, తల వంచుకుంది. తర్వాత ఉప్పుతో మొదలుపెట్టి గంటసేపు ఏకరువు పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ నిజంగా ఆమె నాకు కోడలైంది ఆ రోజే.

ఇక్కడ ఈయనేమో మెచ్చుకోవడం ముగించి కారు వైపు నడుస్తున్నాడు. యజమాని వంగి వంగి దండాలు పెడుతున్నాడు. నా వల్ల కాలేదు. పాలిష్ గుడ్డ పక్కన పడేసి వెళ్లి అడ్డంగా నిలబడ్డాను.

"ఏంటమ్మా ఇది, పక్కకు జరుగు!" యజమాని పళ్లు కొరికాడు.

"మీరుండండి బాబూ!" అని వ్యాపారి భాషలోనే అందుకున్నాను. "అయ్యా, మెచ్చుకుని వెళ్లిపోవడానికి మేం అంత పరాయివాళ్లమా? మీ ఇంటి కుర్చీ అనుకుని తిట్టండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. వెనక్కొచ్చాడు. కోటు విప్పి, నేల మీద చతికిలబడి, కుర్చీని తలకిందులు చేశాడు. ఇక చూడాలి! వెనక కాలు పొట్టి. అతుకులు వదులు. వీపు ఆనే చోట వంపు చాలదు. పాలిష్ మరీ మందం, చెక్క చారలే కనబడటం లేదు, ఎవరు పట్టారీ దరిద్రం?

"నేనే!" అన్నాను, ఛాతీ విరుచుకుని.

దుబాసీ చెమటలు కక్కుతూ ఒక్కొక్కటే చెబుతుంటే యజమాని ముఖం మాడిపోయింది.

"నిండా ముంచావు కదమ్మా!"

"ముందు రాసుకోండి బాబూ, ఒక్కటీ వదలకుండా."

వడ్రంగి మేస్త్రీ అప్పటికే రంపం అందుకున్నాడు. మూడు రోజులు తిండీ తిప్పలూ మరచి కుర్చీ మళ్లీ చేశాం. నాలుగో రోజు ఆయన చెప్పినట్టే మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, వెనక్కి వాలాడు, లేచాడు.

"చెయ్యి ఆనించే పట్టె ఇంకా గరుగ్గానే ఉంది" అని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే నాలుగు వందల కుర్చీలకు సంతకం పెట్టాడు.

అమ్మయ్య! మేస్త్రీ ఈల వేశాడు. నేను సిగ్గు విడిచి భోరున ఏడ్చాను. నెలాఖరుకు కార్ఖానా మూయలేదు సరికదా, ఇంకో నలుగురిని పనిలోకి తీసుకోవాల్సి వచ్చింది.