గుడగుడలాడే పాట

టురిన్‌లో మాకు వచ్చే ఫోన్లన్నీ కింద ఉన్న కాఫీ బార్‌కే వచ్చేవి. అందుకే ఆ శుభవార్త మాకన్నా ముందు వీధికి తెలిసింది.

"ఒట్టావియో, నీ జాజ్ పాటని రేడియోవాళ్లు తీసుకున్నారు. రేపు సాయంత్రం మీ బ్యాండ్ వాయించాలట. మొదట్లో ఆ గుడగుడ మాత్రం ఉండాల్సిందేనట" అని బార్ యజమాని సెరఫీనో కిందనుంచి అరిచాడు.

కొత్త పెళ్లికూతుర్ని, పిండి చేతులతోనే మా ఆయన్ని వాటేసుకున్నాను. ఆయన మొహం మాత్రం వాడిపోయింది.

ఆ గుడగుడ మా చిన్న కిరోసిన్ స్టవ్ మీద మరిగే కాఫీ కెటిల్‌ది. దాని లయ మీదే ఆయన పాట కట్టాడు. రేడియో పెద్దమనిషి దాన్ని విన్నది కూడా మా వంటింట్లోనే. స్టూడియోలో స్టవ్వూ ఉండదు, కెటిలూ ఉండదు.

డ్రమ్ములు వాయించే నాందో వచ్చి, ఆ చప్పుడు తెప్పించాలని మధ్యాహ్నమంతా గిన్నెలు కొట్టాడు. చివరికి నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించాడు.

"పంటినొప్పివాడి కచేరీలా ఉందిరా" అన్నాడు ఒట్టావియో.

"మీ ఆవిడ కాఫీతో నాకు పోటీ పెడితే ఎలా, బాబూ?"

ఒట్టావియో తల పట్టుకున్నాడు. ఆ చప్పుడు లేకపోతే ఆయన తొలి పాట రేడియోలో రాదు.

నేను పక్కన కూర్చుని ఆయన ముక్కుకి కాస్త పిండి రాశాను.

"రేపు మీ బ్యాండ్‌లో నేనూ ఉంటాను. స్టవ్ నాందో మోస్తాడు, కెటిల్ నా ఒళ్లో పెట్టుకుంటాను. భోజనం కాగానే ముగ్గురం ట్రామ్ ఎక్కుతున్నాం."