నక్షా పిలిచే అమ్మాయి

కాబూల్ పడమటి కొసన బర్చీ బజారులో, మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా తెల్లకోట్ల నీతి పోలీసులు ఆకిలాను బండెక్కించారు.

నల్ల చాదర్ మడమల దాకా ఉంది. మొహానికి గుడ్డ ఉంది. అయినా ముసుగు సరిగా లేదన్నాడొకడు.

"ఎక్కడ సరిగా లేదో చెప్పండి, సర్దుకుంటాను," అంది ఆకిలా.

"హజారా జాతిదానికి నోరొకటి," అని తుపాకీ మడమతో వీపు మీద కొట్టాడు రెండోవాడు.

బొలానీ రొట్టెలు వేయించేవాడు తల దించుకుని నూనె కేసి చూశాడు. ఆకిలాతో కలిసి తివాచీలు నేసే నేక్‌బఖ్త్ పదడుగుల దూరంలో ఉన్ని కండెల మూటతో నిలబడి ఉంది. కాళ్ళు కదలలేదు. బండి పోయాక మట్టిలో పడివున్న కాగితపు చుట్టను తీసి, దులిపి, చాదర్ లోపల దాచుకుంది. అది తివాచీ నక్షా, ఏ ముడి ఏ రంగో గళ్ళలో గీసిన పటం.

సర్వర్ అనే అతని తివాచీ కార్ఖానా అంటే పొడవాటి మట్టి గది, రెండు మగ్గాలు. ఆకిలా పీట మీద కూర్చుని నక్షా చూసి పిలిచేది: "రెండు ఎరుపు, ఒకటి నీలం." మగ్గాల ముందున్న పదకొండుమందీ ముడులు వేస్తూ ఆ మాటే తిరిగి పలికేవాళ్ళు. పలికితేనే ముడి పడినట్టు. ఆడవాళ్ళకు చదువు మూసేశాక విశ్వవిద్యాలయం నుంచి వచ్చి ఆ పీట మీద కూర్చుంది ఆకిలా. వరసకీ వరసకీ మధ్య ఇనుప దువ్వెనతో ముడులు దట్టించే వేళ అక్షరాలు పిలిచేది. అవీ పలికేవాళ్ళు. నలభై ఆరేళ్ళ నేక్‌బఖ్త్ చదవడం అలాగే నేర్చుకుంది. ట్యూషన్‌కని వెళ్ళి బాంబుకు బలైన కూతురి నోటుపుస్తకం ఇంట్లో ఉంది. అందులో ఏముందో తెలుసుకోవాలని ఆమె కోరిక. ఆ చదువు సంగతి బయట ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకు సర్వర్ ఒక కాగితం, సిరా డబ్బా పట్టుకొచ్చాడు.

"ఠాణాలో మాట్లాడొచ్చాను. తలా ఒక వేలిముద్ర వేయండి, చీకటి పడకముందే వదిలేస్తారు. ఆడపిల్ల ఒక రాత్రి అక్కడుంటే బతికినంత కాలం జనానికి జవాబు చెప్పుకోవాలి. మీకు తెలీందేముంది."

అది నిజం.

"ఏముంది అందులో?" అంది అందరూ ఆజై అని పిలిచే ముసలామె.

"ఏముంటుంది ఆజై. ముసుగు సరిగా వేసుకుంటామని."

"నా మొహం చూసి చెడిపోయే మొగాడు ఇంకా మిగిలుంటే ఒకసారి తీసుకురా నాయనా, చూస్తాను."

ఎవరో నవ్వబోయి ఆగారు. సర్వర్ నక్షా రెండో ప్రతి తీసుకుని పీట మీద కూర్చున్నాడు. "ఈలోగా పని ఆపకండి. మూడు ఎరుపు, రెండు పసుపు..."

ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. ఒక్క ముడీ పడలేదు.

పదిహేనేళ్ళ సాబిరా లేచి సిరాలో వేలు ముంచింది. "వేసేద్దాం ఖాలా. అక్క ఇంటికొస్తే చాలు," అంది నేక్‌బఖ్త్‌తో.

"ఇటియ్యి," అని నేక్‌బఖ్త్ కాగితం అందుకుంది. ముడి తర్వాత ముడి వేసినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "ఆకిలా అనే ఆమె... ఈ కార్ఖానాలో... అమ్మాయిలకు... చెడు నడత నేర్పింది. మేము... కళ్ళారా చూశాం. ఇకమీదట... ఒక కప్పు కింద... చేరము."

సర్వర్ లేచి నిలబడ్డాడు. "నీకు చదువెప్పుడొచ్చింది?"

"నీ మగ్గం ముందే వచ్చింది కాకా."

"నేనేం చేయను? వాళ్ళు రాసిచ్చారు. తివాచీ పదిహేనో తారీకుకి వెళ్ళాలి. మగ్గాలు ఇళ్ళకే పంపిస్తాను, ఎవరింట్లో వాళ్ళు నేసుకోండి."

"అదీ సంగతి," అంది ఆజై. "ఎవరింట్లో వాళ్ళం కూర్చుంటే పిలిచేదెవరు, పలికేదెవరు?"

"మీకు పిల్ల కావాలా, పంతం కావాలా?"

"పిల్లే కావాలి," అంది నేక్‌బఖ్త్. "మా వేళ్ళతో సాక్ష్యం చెప్పించుకుని ఈ రోజు వదిలి, రేపు అదే కాగితంతో మళ్ళీ పట్టుకుపోతారు. మధ్యాహ్నం బజారులో నేను పదడుగుల దూరంలో ఉన్నాను. ఒక్కదాన్నే కదా అనుకుని నిలబడిపోయాను. అక్కడ ఇంకా పాతికమంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళూ అదే అనుకునుంటారు."

సాబిరా వేలి సిరాను గోడకు రుద్దేసింది.

పదకొండుమందీ వీధిలోకొచ్చారు. తందూరు దగ్గర రొట్టెలకోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఎక్కడికని అడిగారు. చెప్పారు. కొందరు తలుపులేసుకున్నారు. కొందరు వేడి రొట్టెలు చాదర్‌లో చుట్టుకుని వెంట నడిచారు. ఠాణా గోడ దగ్గరికి చేరేసరికి నలభైమంది.

కాపలావాడు తుపాకీ ఎత్తాడు. "మగవాళ్ళేరి? మాట్లాడాలంటే మగవాణ్ణి తెచ్చుకోండి."

"తెచ్చుకున్నాం. కాగితం మోసుకొచ్చాడు," అంది ఆజై. "అది చదివాకే మేం వచ్చాం."

"మీ నాయకురాలెవరు?"

ఎవరూ ముందుకు రాలేదు, వెనక్కీ జరగలేదు.

"ఊరేగింపులు, నినాదాలు నిషేధం. కాలుస్తాను."

"నినాదాలు లేవు," అంది నేక్‌బఖ్త్. దుమ్ములో చతికిలబడి ఒళ్ళో నక్షా పరిచింది. "పని చేసుకుంటున్నాం. రెండు ఎరుపు, ఒకటి నీలం."

"రెండు ఎరుపు, ఒకటి నీలం," అన్నారు పదిమంది.

"నాలుగు తెలుపు, ఒకటి నలుపు."

ఈసారి నలభైమంది పలికారు. వాడు గాలిలోకి కాల్చాడు. సాబిరా చెవులు మూసుకుంది కాని నోరు మూయలేదు. లోపలినుంచి అధికారి వచ్చాడు. నేక్‌బఖ్త్ ఒళ్ళోంచి నక్షా లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు.

"ఇప్పుడు పిలవండి చూద్దాం."

నేక్‌బఖ్త్‌కు తర్వాతి వరస తెలియదు. పిలుపు ఆగింది. అధికారి వెనుదిరిగాడు.

అప్పుడు గోడ అవతలినుంచి, నీరసంగానైనా స్పష్టంగా ఒక గొంతు వచ్చింది.

"మూడు ఎరుపు. రెండు నీలం. ఒకటి పసుపు."

ఆకిలాకు నక్షా అక్కర్లేదు. అంతా కంఠతా వచ్చు.

బయట నలభైమంది పలికేలోగా, లోపలే పలికారు. ఒకరూ ఇద్దరూ కాదు, ఎన్నో గొంతులు, ఎవరి ఆడపిల్లలో. లోపల అంతమంది ఆడవాళ్ళున్నారని ఆ క్షణం దాకా బర్చీలో ఎవరికీ తెలియదు.

అధికారి మెట్ల మీదే ఆగిపోయాడు.

నేక్‌బఖ్త్ లేవలేదు. ఆజై రొట్టె తుంచి అందరికీ పంచసాగింది. సందుల్లోంచి ఇంకా ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు, తమ బిడ్డల గొంతు వినబడుతుందేమోనని.

"తర్వాతి వరస, ఆకిలా," అని పిలిచింది నేక్‌బఖ్త్.