మేడిమిట్ట బస్సు బోర్డు

నేను ఒక రేకు బోర్డును. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. డిపో వెనక షెడ్డులో పాత డ్రమ్ము రేకు కోసి నన్ను తయారు చేశారు. పెయింటరు పసుపు రంగు పూసి, ఒక పక్క 'టౌను' అనీ రెండో పక్క 'మేడిమిట్ట' అనీ రాశాడు. టౌను పేరు ముచ్చటగా కుదిరింది. మేడిమిట్ట రాసేసరికి ఆయనకు భోజనం టైమైంది కాబోలు, చివరి అక్షరం కాస్త కిందికి జారింది. అయినా నాకు ఆ పక్కే ఇష్టం.

పదకొండేళ్లు పల్లె బస్సు ముందు అద్దం వెనక నిలబడ్డాను. బస్సు ఊరికి పోయేటప్పుడు మేడిమిట్ట పేరు బయటికి, టౌనుకు పోయేటప్పుడు లోపలికి. అలా తిప్పిపెట్టేది డ్రైవరు ఓబులేసు.

రోజూ పొద్దున ఖాసింబీ తన ఏడేళ్ల కూతురు షంషాద్‌ను తీసుకుని ఎక్కేది. పాపకు పుట్టుకతోనే చెవులు వినిపించవు. టౌనులో అలాంటి పిల్లలకు బడి ఉంది. పాపను బడిలో దించి, సాయంత్రం దాకా పరుపుల కొట్టులో దూది నింపి, మళ్లీ ఇద్దరూ ఇదే బస్సులో ఇంటికి వచ్చేవారు. టౌనులోనే గది తీసుకుందామంటే మంచాన పడిన అత్తను చూసేవాళ్లు లేరు.

పాప ఓబులేసు పక్కన ఇంజను మీద కూర్చునేది. పొద్దున టౌనుకు పోయే దారి పొడవునా మేడిమిట్ట అన్న పేరు తనకు ఎదురుగా ఉండేది. నా మీద అరచెయ్యి ఆనించి నా వణుకు చూసి నవ్వేది, వేలితో అక్షరాలు దిద్దేది. ఒకసారి బడిలో ఇల్లు గీయమంటే ఈ నాలుగు అక్షరాలే గీసిందట, జారిన అక్షరాన్ని జారినట్టే. ఆ మాట ఖాసింబీ చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంతలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సగం సీట్లయినా నిండని బస్సులు ఆపెయ్యాలట. మేడిమిట్ట బస్సు నిండుతుందో లేదో చూడటానికి గురువారం ఒక ఆఫీసరు వస్తున్నాడని ఓబులేసు ఊళ్లో చెప్పాడు. రోజూ ఆటోకు పెట్టే స్తోమత లేదు కాబట్టి బస్సు ఆగితే పాపను హాస్టల్లో వెయ్యాలి, లేదా బడి మాన్పించాలి. హాస్టలు అనగానే ఖాసింబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గురువారం ఊరు ఊరంతా ఎక్కింది. ఎప్పుడూ ఆటోల్లో పోయేవాళ్లు కూడా వచ్చారు. ఆఫీసరు వస్తున్నాడు కదా అని మగవాళ్లు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కున్నారు, ఆడవాళ్లు పెట్టెల్లోంచి కొత్త చీరలు తీశారు, పూలు పెట్టుకున్నారు. నా ఎదుట అంత కళ ఎన్నడూ లేదు. ఆఫీసరు ముచ్చటపడి, ముందు సీట్లో ఉన్న పెద్దమనిషి చెన్నప్పను అడిగాడు.

"ఏంటి పెద్దాయనా, ఊళ్లో జాతరా?"

"అవున్సార్, జాతరే," అన్నాడు చెన్నప్ప.

ఆఫీసరు తల ఊపి, ఇది జాతర రద్దీ, లెక్కలోకి రాదు అని కాగితం మీద రాసుకున్నాడు. ఆయన దిగిపోయాక ఓబులేసు తల పట్టుకున్నాడు.

"జాతరని యాల చెప్తివి పెద్దాయనా?"

"మరేం చెప్పల్లబ్బా? నీ కోసరమే ముస్తాబై వచ్చినామని ఆయప్ప మొగం మీద ఎట్ల చెప్పేది? సిగ్గేసె."

నిజాయితీగా బతికిన మనిషి మర్యాదకు పోయి ఒక్క అబద్ధం ఆడాడు. ఆ ఒక్కటే కాగితానికి ఎక్కింది. ఆయన మీద నాకు కోపం రాలేదు, జాలేసింది.

నెల తిరక్కుండా బస్సు ఆగింది. నన్ను పాత టైర్ల మీద పడేశారు. ఆ వారమే రిటైరైన ఓబులేసు నన్ను సంచిలో పెట్టుకుని మేడిమిట్టకు నడిచాడు.

"పారేస్తాంటే తెచ్చినా. పాపకియ్యి," అన్నాడు.

"దీంతో ఏం చేసుకుంటాదన్నా," అంది ఖాసింబీ.

పాప మాత్రం నన్ను ఒళ్లో పెట్టుకుని అక్షరాలు దిద్దింది.

హాస్టల్లో వెయ్యడానికి ముందు ఒక వారం చూద్దామనుకుంది ఖాసింబీ. ఊరి నుంచి మూడు కిలోమీటర్లు నడిస్తే హైవే. అక్కడ ఎక్స్‌ప్రెస్ బస్సులు ఆగవు. మూడు రోజులు చెయ్యెత్తింది, మూడు రోజులూ దుమ్మే మిగిలింది. నాలుగో రోజు పాప నన్ను తెచ్చి రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తింది. పద్ధతి ప్రకారం టౌను పక్క చూపించాలి. ఆ పిల్ల మేడిమిట్ట పక్కే చూపించింది.

బస్సు కొంత దూరం పోయి ఆగింది. డ్రైవరు మా డిపో వాడే. నన్ను గుర్తుపట్టాడు.

"బస్సు తీసేస్తే బోర్డు నడుచుకుంటా వచ్చిందే," అన్నాడు కండక్టరుతో. "ఎక్కమ్మా, బిరీన."

ఆ రోజు నుంచి నాకు కొత్త ఉద్యోగం. ఇదివరకు బస్సు ఎక్కడికి పోతుందో మనుషులకు చెప్పేదాన్ని. ఇప్పుడు మనుషులు ఎక్కడ నిలబడ్డారో బస్సుకు చెబుతున్నాను. కొందరు ఆపుతారు, కొందరు ఆపరు. ఆపనివాళ్లను తప్పుపట్టను. వాళ్లకూ పైనుంచి ఏదో కాగితం వచ్చే ఉంటుంది. ఒకటి పోతే ఇంకొకటి. పాప బడి మానలేదు.

పొద్దున మంచులో రోడ్డు కనబడదు. ఖాసింబీ చెవులు రిక్కించి నిలబడుతుంది. పెద్ద బండి దూరంగా ఉండగానే నా రేకు సన్నగా వణుకుతుంది. నన్ను పట్టుకున్న పాప అప్పుడే అమ్మ కొంగు లాగుతుంది.