అవతలి గట్టు

కొండ మీదనుంచి దొర్లిన రాయిని గడ్డపారతో ఎగదీసి రోడ్డు పక్కకు నెట్టి, ఆదిమూలం నడుము పట్టుకుని నిలబడ్డాడు. నెత్తిన కొప్పులా మడిచి వేసుకున్న యూరియా సంచి మూలనుంచి వాననీళ్ళు ధారకట్టి ముక్కు మీదికి కారుతున్నాయి. వెనక కొండ ఎర్రగా కరుగుతోంది. ముందర ఏరు ఎర్రగా పొర్లుతోంది. మధ్యలో కంకర తేలిన రోడ్డు ముక్క, దాని మీద తను. చిన్నరాళ్ళు కూడా ఏరి పారేశాక, అలవాటు చొప్పున తలెత్తి అవతలి గట్టు వైపు చూశాడు.

చెంగల్రాయుడు కుర్చీలో కూర్చునే ఉన్నాడు.

సత్యవేడు దారిలో ఆ ఏటికి వంతెన లేదు, చప్టా ఉంది. మామూలు రోజుల్లో దాని మీద చీలమండ తడవకుండా పోవచ్చు. తుఫాను పట్టిందంటే మనిషినీ బండినీ లెక్కచేయకుండా లాక్కుపోతుంది. అందుకని గట్టుకొక కాపలా మనిషి. ఏరు మలుపు తిరిగేది ఆదిమూలం వైపు కాబట్టి కొత్తనీళ్ళు వచ్చేది ముందు అతనికే కనపడుతుంది. నీళ్ళు చప్టా అంచు తాకగానే అతను తువ్వాలు ఎత్తి ఊపాలి. చెంగల్రాయుడు తన తువ్వాలు ఊపి జవాబిచ్చి, అడ్డంగా ఇనుప గొట్టం దించాలి. జవాబు రానిదే ఎత్తిన తువ్వాలు దించకూడదని వాళ్ళిద్దరి కట్టుబాటు. ఏటి హోరులో గొంతులు వినపడవు గనక ఇన్నేళ్ళ స్నేహమో విరోధమో అంతా తువ్వాళ్ళతోనే నడిచింది.

చప్టా పోసేటప్పుడు ఇద్దరూ ఒకే బొచ్చెతో కంకర మోసినవాళ్ళు. పని ముగిసిన నాడు మేస్త్రీ ఎవరికి ఏ గట్టు కావాలని అడిగితే ముందు నోరు తెరిచింది ఆదిమూలమే. ఎండకాలం కొండనీడ పడుతుంది గదా అని ఈ గట్టు కోరుకున్నాడు. అదే తప్పయింది. ఆ తరవాత అవతల తారురోడ్డు పడింది. రేకుల కొట్టం వచ్చింది. చేతుల కుర్చీ వచ్చింది. ఊరు ఆనుకుని ఉంది గనక టీ నడిచి వచ్చింది. ఇవతల మాత్రం వానొస్తే రాళ్ళు వచ్చాయి. ఉన్న నాలుగిళ్ళ పల్లెను కూడా, కొండ జారుతుందని చెప్పి దూరంగా మెట్టకు తరలించారు. గడ్డపార దెబ్బకు నెత్తురు కారినా అయ్యో అనడానికి ఈ గట్టున కాకి లేదు.

మొన్నామధ్య చెంగల్రాయుడికి గుండెనొప్పి వచ్చి చిత్తూరు ఆస్పత్రిలో చేరితే జనం ఆటోలు కట్టుకుని చూడబోయారని విన్నప్పుడు ఆదిమూలానికి ఆ రాత్రి సంగటి దిగలేదు. తనకు గట్టి జ్వరమైనా రాలేదే అనుకున్నాడు. వచ్చినా చూడబోయేదెవరు?

ఈ పొద్దు మరీ కడుపు మండింది. ఏరు నిండితే గంగమ్మకు సారె పెట్టడం అక్కడి ఆనవాయితీ. తెల్లవారగానే ఆడవాళ్ళు వానలోనే చేటలు నెత్తికెత్తుకుని వచ్చారు. పసుపూ కుంకుమా రవికగుడ్డా వేపమండా నీళ్ళలో వదిలి, దండం పెట్టి, కాపలా మనిషి గదా అని చెంగల్రాయుడి భుజాన పసుపుపచ్చ తువ్వాలు కప్పి, టెంకాయ చిప్ప చేతిలో పెట్టి పోయారు. గంగమ్మ రెండు గట్లనూ ఒరుసుకునే పారుతుంది. సారె మాత్రం ఒక గట్టుకే. వాళ్ళు పోయాక చెంగల్రాయుడు కుర్చీలో వెనక్కి జారి, తల గోడకానించి, కాళ్ళు చాచి కూర్చున్నాడు. పెళ్ళికొడుకైనా అంత కుదురుగా కూర్చోడు.

మధ్యాహ్నం వసంతమ్మ కొండ వార పట్టుకుని నడుస్తూ సంగటి ముద్దా పులుసూ తెచ్చింది. మొగుడు తింటూ కూడా అటే చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది.

"ఆయప్పను సూసి సూసి నీ కండ్లు గుంటలు పడినాయి. కూడైనా సూసి తిను."

"నాకు దోమలు, ఆయప్పకు దర్బారు. పొద్దున్నించి కాలు కింద పెట్టలేదు సూడు."

వసంతమ్మ చేయి నుదుటికి అడ్డం పెట్టి చూసింది. "అదేంది యో, తువ్వాలు జారి కింద పడుండాది. తీసుకోడే?"

"వొంగితే మర్యాద తగ్గిపోదా?"

ఆమె ఇంకా చూస్తూనే ఉంది. అంతలో మలుపు దగ్గర నీటి రంగు మారింది. చెట్టు కొమ్మలూ ఎవరిదో పాక కప్పూ మోసుకుంటూ కొత్తనీళ్ళు వచ్చి చప్టా అంచును నాకాయి. ఆదిమూలం ముద్ద వదిలి లేచాడు. చేయి కడుక్కోకుండానే తువ్వాలెత్తి ఊపాడు. అవతల కదలిక లేదు. మళ్ళీ ఊపాడు. రెండు చేతులతో ఊపాడు. కుర్చీలో మనిషి అటే, ఏటి వైపే ముఖం పెట్టి ఉన్నాడు. చూసి కూడా చూడనట్టున్నాడు.

"మలుపు పైకెక్కితే సెల్లుకు సిగ్నలు దొరుకుతుంది. పంచాయితీ సెక్రటరీకి ఫోన్ కొట్టు. ఆడ గొట్టం ఎత్తే ఉండాది, ఎవురన్నా వచ్చేస్తారు," అంది వసంతమ్మ.

ఆదిమూలం తువ్వాలు దించాడు. ఇన్నేళ్ళలో జవాబు రాకుండా దించడం అదే మొదలు. "నేనెందుకు సెప్పాల మే? రానీ ఆఫీసర్ల జీపు. గొట్టం ఎత్తుండాదో దించుండాదో వాళ్ళే సూస్తారు. ఎవురు పని చేస్తాండారో, ఎవురు కుర్చీ అరగదీస్తాండారో తెలిసిపోవాల."

"నీ కుళ్ళు ఏటికన్నా లోతు," అని ఆమె గిన్నె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అతను కత్తి తీసుకుని తుమ్మకంప నరికి తన వైపు అడ్డం వేశాడు. ఒక్కొక్క కొమ్మ వేసి అవతల చూశాడు. తెరిచి ఉన్న దారిని చూసినప్పుడల్లా రవ్వంత సంతోషం, కొంత భయం. సంతోషమే ఎక్కువ. నీళ్ళు చప్టా మీదికెక్కి పలచగా పారుతున్నాయి. కొండ మీద ఏదో జారిన చప్పుడైంది. పట్టించుకోలేదు.

పొద్దు వాలేవేళకు అవతల తారురోడ్డు మీద మోటారుసైకిలు వచ్చింది. వెనక గొడుగు పట్టుకున్న ఆడమనిషి, ఒళ్ళో బిడ్డ. కొట్టం దగ్గర కాస్త నిదానించింది. కాపలా మనిషి కూర్చుని చూస్తూ ఏమీ అనడం లేదు గదా, దారి బాగానే ఉందనుకున్నట్టుంది. బండి నీళ్ళలోకి దిగింది.

ఆదిమూలం ఉరికాడు. తను వేసిన కంపలోనుంచే దూరాడు. ముళ్ళు గీరుకున్నది కూడా తెలియలేదు. మోకాటి లోతు నీళ్ళలో చప్టా మీదికి పోయి ఒక చేత్తో తువ్వాలూ ఒక చేత్తో యూరియా సంచీ పట్టుకుని పిచ్చివాడిలా ఊపుతూ అరిచాడు. అరుపు ఏరు మింగేసింది. కాళ్ళ కింద కంకర జారుతోంది. బండి ఆగింది. ఆడమనిషి దిగి బిడ్డను చంకనేసుకుని వెనక్కి పరుగెత్తింది. బండి నడిపే మనిషి దాన్ని వెనక్కి ఈడ్చుకుంటూ గట్టెక్కాడు.

ఎక్కి, తిన్నగా కొట్టం వైపు నడిచాడు. చేయి విసురుతున్న తీరు చూస్తే తిట్టడానికేనని ఇవతలికి తెలుస్తూనే ఉంది. తిట్టు, బాగా తిట్టు, అనుకున్నాడు ఆదిమూలం ఒగురుస్తూ. ఆ మనిషి చెంగల్రాయుడి భుజం పట్టి కుదిపాడు. కుదిపి, చేయి వెనక్కి తీసుకున్నాడు. మెల్లగా హెల్మెట్ తీసి కింద పెట్టాడు.

ఆదిమూలం నీళ్ళలోనే ఉండిపోయాడు. పొద్దున్నించి తను మండిపడుతున్నది ఊపిరి లేని మనిషి మీదని అప్పుడు తెలిసింది.

ఊరు కదిలి వచ్చింది. గొడుగులూ గోతాలూ కప్పుకుని అంత వానలో అంతమంది. ఆ జనాన్ని చూసినప్పుడు కూడా పాత మంటే ఒకసారి చురుక్కుమంది. అందుకు తన ముఖం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది. కుర్చీతో పాటే మనిషినెత్తుకుని నలుగురూ నడిచారు. ఎవరో ఇనుప గొట్టం దించి కట్టారు. ఇవతల ఆదిమూలం గట్టెక్కి తువ్వాలెత్తాడు. జవాబిచ్చేవాడు లేడు. చీకటి పడి అవతలి గట్టు కనపడకుండా పోయేదాకా చేయి దించలేదు.

తెల్లారి వాన వెలిసింది. ఏరు తగ్గి చప్టా బయటపడగానే ఆదిమూలం అవతలికి నడిచాడు. కొట్టంలో ఎవరూ లేరు. ఆ నేల మీద నిలబడి తన గట్టు వైపు చూశాడు. కొండనీడలో పచ్చగా, చల్లగా, ఎవరి గోలా లేకుండా ఉంది. చెంగల్రాయుడు రోజంతా ఇదే చూస్తూ కూర్చునేవాడు గదా అనుకున్నాడు. తల దించితే కాళ్ళ దగ్గర, ఏటి వైపు తిప్పి, జత చెప్పులున్నాయి. మడమల దగ్గర అరిగి అరిగి కింద సిమెంటు కనపడుతోంది. ఎడమదాని వారు తెగితే ఊడిపోకుండా అడుగునుంచి గుచ్చిన పిన్నీసు, తుప్పు పట్టి, ఇంకా పట్టుకునే ఉంది.